సజీవమగు మందు, నిర్జీవమగు పొట్లము

గోదావరి, కృష్ణా డెల్టాల రైతునకు పాముపొడ తెగులు క్రొత్తది కాదు. నీటిమట్టమునకు కొంచెము పైగా ఆకుతొడుగుపై మచ్చలు పుట్టి, పాముచర్మమువలె చారలుగట్టి పైకి ప్రాకును. దీనికి మూలమగు శిలీంధ్రము గట్టి గుళికలుగా మారి మట్టిలో దాగి, మరుసటి పంటకు మరల లేచును. దీనిని పూర్తిగా తట్టుకొను వరివంగడము నేటివఱకు రైతు చేతికి రాలేదు. నత్రజనపు టెరువు మితిమీరినకొలది తెగులును ప్రబలును. రైతు అప్పుచేసి మందు చల్లును.

ఇట్టి శిలీంధ్రములకు విరోధులు మట్టిలోనే కలరు. ఇది పుక్కిటిపురాణము కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున గోధుమను వేరుకుళ్ళు తెగులొకటి పీడించెడిది. ఏటేట నదే చేనిలో గోధుమనే విత్తుచుండగా తెగులు మొదట ప్రబలి, కొన్ని యేండ్లకు తనంతట తానే తగ్గెను. ఆ మట్టిని కొంచెము తెగులుమట్టిలో కలిపినచో నా గుణము దీనికిని సంక్రమించెను. వేడిచేసిన మట్టికి గుణము నశించెను. కనుక నందు ప్రాణమున్న దేదియో పనిచేయుచున్నదని తేలినది. కుక్, వెల్లర్ మున్నగు పరిశోధకులు ఆ వేళ్ళనుండి సూడోమోనాస్ జాతి బాక్టీరియాలను వేరుచేసి, వాని శక్తిని నిరూపించిరి. అవి శిలీంధ్రమునకు విషమగు పదార్థమును స్రవించును. 1980లో క్లోపర్, మరి మువ్వురు ‘నేచర్’ పత్రికలో వేరొక మార్గమును చూపిరి: వేరుచుట్టునున్న ఇనుమును బాక్టీరియా ముందుగనే పట్టుకొనుటచే హానికర జీవులకు ఇనుము కరవగును. కత్తి దూయక కోటను ముట్టడించి లొంగదీయు యుక్తి యిది!

మన దక్షిణదేశమునను ఈ కృషి వెనుకబడలేదు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయము ఈ బాక్టీరియాను టాల్కు పొడిలో కలిపి విత్తనమునకు పట్టించు పద్ధతిని రూపొందించినది. కిలో విత్తనమునకు పది గ్రాములు చాలును. అయితే పైరు మాడిన పిమ్మట దీనివలన ఫలము లేదు. ఇది ముందుజాగ్రత్తయే గాని తుదిమందు గాదు; నేలనుబట్టి, తేమనుబట్టి ఫలితము మారుచుండును. సర్వరోగ నివారిణి యని చాటువారిని రైతులు నమ్మరాదు.

అసలు చిక్కు వేరొకటి కలదు. రసాయనపు మందు అటకపై నెలలుండినను రసాయనమే. ఇది ప్రాణి. బాసిల్లస్ సబ్టిలిస్ గట్టి కవచముగల బీజరూపము దాల్చి వేడిమిని సహింపగలదు. సూడోమోనాస్‌కు ఆ విద్య లేదు. వైశాఖ జ్యేష్ఠములలో రేకుల కప్పుక్రింద నుండిన పొట్లములో నెన్ని జీవించియున్నవో కంటితో నెవ్వరు చెప్పగలరు? రాగితో చేసిన మందుతో కలిపి పట్టించినచో మిగిలినవియు నశించును. పంట పాడైనపుడు రైతు శాస్త్రమునే నిందించును. పొట్లమమ్మినవాడు మాత్రము నిశ్చింతగా నుండును.

చట్టము లేకపోలేదు. 1968 నాటి కీటకనాశినుల చట్టము ఈ బాక్టీరియాలకును వర్తించును. గ్రామున కింత సంఖ్య యుండవలెనను నియమమును కలదు. కాని యా లెక్క కర్మాగారపు గడప దాటునపుడు సరిపోయిన చాలదు. విత్తనములు చల్లుటకు ముందు, జూన్ మాసమున, అంగడి బల్లపైనుండియే నమూనాలు తీసి జీవకణములను లెక్కింపవలెను. ఆ ఫలితములను కంపెనీల పేళ్ళతో మండల కార్యాలయముల గోడలపై తెలుగున ప్రకటింపవలెను. వ్యవసాయశాఖవారు ఈ ఖరీఫ్ మొదలుకొనియే యిందుకు పూనుకొందురా?