ఓడదొంగల యాట

ఈ నెల మేము వ్రాయబూనిన విషయమును చూచి సోదరీమణులు కొందరు ముక్కుపై వ్రేలు వైచుకొందురని మేమెరుగుదుము. ఇల్లు సద్దుమణిగిన పిమ్మట టెలివిజను ముందు కూర్చుండి, చేత కంట్రోలరు పట్టుకొని, దాదాపు నెలదినములు మేము ఇంగ్లండు నదులపై ఓడ నడిపితిమి. మొదట ఇది వినోదార్థము గాదు. మా తమ్ముడు పరదేశమునకు పోవుచు తన ప్లేస్టేషనును మా యింట విడిచిపోయెను. అందు ‘అసాసిన్స్ క్రీడ్ వల్హాలా’ యను ఆట యుండెను. దాని నాడనిమ్మని పదమూడేండ్ల మా పెద్దవాడు రేయింబవళ్లు ప్రాణము తీయసాగెను. యూరపు ఖండమున దానికి పదునెనిమిదేండ్ల వయోనియమము విధించియున్నారు. మా యింటివారు ‘వలదు’ అని యొక్క మాటతో తేల్చివేసిరి. పుస్తకమును విప్పకయే నిషేధించుట మాకు మొదటినుండియు గిట్టదు. కావున ముందు మేమే యాడి చూతమని నిశ్చయించితిమి.

యూబీసాఫ్టు కంపెనీకి చెందిన మాంట్రియలు వారు దీనిని నిర్మింపగా 2020 నవంబరులో వెలువడెను. కథాకాలము క్రీ. శ. 870 దాటిన పిమ్మటి కొలది యేండ్లు. నార్వే దేశపు మంచుకొండల నడుమ పుట్టిన ఈవార్, తోబుట్టువువలె పెరిగిన సిగర్డుతో గూడి సముద్రము దాటి ఇంగ్లండు చేరి, నేన్ నదీతీరమున రేవెన్స్‌థార్పు అను పల్లె నెలకొల్పును. ఈవార్ పురుషుడుగా నుండవలెనా, స్త్రీగా నుండవలెనా యనునది మన యిష్టము. మేము స్త్రీనే కోరితిమి, వేరే చెప్పనేల! స్త్రీలు యుద్ధము చేయుట కల్లబొల్లి కథ యని మా యింటివారు నవ్విరి. స్వీడను దేశమున బిర్కాలో 1878లో త్రవ్విన సమాధియొకటి కత్తి, గొడ్డలి, బాణములు, రెండు గుఱ్ఱములు గలది యగుటచే వీరపురుషునిదని యెన్నియో యేండ్లు చెప్పుకొనిరి. అందలి యెముకలు స్త్రీవని 2017లో పరిశోధకులు ప్రకటించిరి. పండితుల వాదము ఇంకను తెగలేదు గాని, మా యింటివారి నవ్వు మాత్రము తెగినది.

ఈ యాటకు గిరిగీచిన బాట లేదు. కనబడిన కొండ నెక్కవచ్చును, చేపలు పట్టవచ్చును, రోమనులు విడిచిపోయిన శిథిలములలో దిరుగవచ్చును. సీనిన్ అను కాకోలమును ఎగురవిడిచి దాని కన్నులతో ముందరి దారి చూడవచ్చును. ఓడలోనివారు తెడ్డు వేయుచు పాట లెత్తుకొందురు. పని యేమియు లేకున్నను ఆ పాటకొరకే మేము ఏటివెంట పలుమారులు పోతిమి.

మాకు మిక్కిలి నచ్చినది ఫ్లైటింగు. ఇది వారి మాటల కుస్తీ. ఎదుటివాడు మనలను తిట్టుచు రెండు పాదములు చెప్పును. మూడు సమాధానములు తెరపై గనబడును. లయ చెడక, ప్రాస తప్పక, తిట్టు సరిగా తగులు పాదమును రెప్పపాటులో నేరుకొనవలెను. చిన్ననాట తాతగారి యొద్ద పద్యములు వల్లించి, అవధానములలో అప్రస్తుతప్రసంగి చమత్కారములు విని పెరిగినవారము. ఈ పందెములలో మే మోడిన దరుదు. అందు మోటుమాటలు లేకపోలేదు. కాని గెలుచుకొలది మన వాక్కునకు బలము హెచ్చును. ఆ బలముచే పిమ్మట కొన్ని చోట్ల కత్తి దూయకయే మాటతో పని గడుపుకొనవచ్చును.

సిగర్డు భార్య రాండ్వీని గూర్చి రెండు మాటలు. రెండు తెగల వైరము మాన్పుటకై యామెను పెండ్లియాడించిరి. మగడు దండయాత్రలకు బోవ, ఆమె పెద్దయింట దేశపటము పరచిన బల్లయొద్ద నిలిచి, ఏ సీమతో నేమి సంధి చేయవలెనో ఈవార్‌కు చెప్పుచుండును. రాజ్యమంతయు నామె వ్రేలి కొనను దిరుగును. ఆమె మాత్రము గడప దాటుట యరుదు. ఒకనాడు ఈవార్‌తో గూడి బయటికి పోయినప్పుడు ఆమె మోమున వికసించిన సంతోషమును చూచి, మాకేలనో గొంతు పట్టుకొనెను.

ఇక అసలు విషయము. ఈవార్ పసితనమున శత్రువులు వారి యూరిపై బడిరి. నీ ప్రాణ మిచ్చిన నీవారిని విడిచెదనని శత్రునాయకుడు చెప్పగా, తండ్రి గండ్రగొడ్డలిని క్రింద బెట్టెను. వాడు తండ్రిని చంపి, మాట తప్పి తక్కినవారిపైని బడెను. ఆయుధము విడిచి చచ్చినవానికి వల్హాలా, అనగా వారి వీరస్వర్గము, దక్కదను సిగ్గు ఈవార్‌ను చిరకాలము వెంటాడును. ఇది చూడగానే మాకు సౌప్తికపర్వము తలపునకు వచ్చెను. అశ్వత్థామ రాత్రివేళ పాండవశిబిరమున జొచ్చి, నిద్రించు ధృష్టద్యుమ్నుని కాళ్లతో మట్టి చంపుచుండగా, శస్త్రముచేతనైన చంపుమని, పుణ్యలోకములైన దక్కునని యాతడు వేడెను. గురుఘాతకులకు ఆ లోకములు లేవని అశ్వత్థామ త్రొక్కియే చంపెను. ఇంత యెడమున నున్న రెండు జాతులకు భయ మొక్కటియే యయ్యెను.

ఆ పర్వము మమ్ము మరియొక విధమునను విడువలేదు. పొదలలో నక్కి, ఈలవేసి కావలివానిని దగ్గరకు రప్పించి, చప్పుడు గాకుండ పొడుచుట ఈ యాటలోని ముఖ్యవిద్య. అందులకు వాడు కత్తి మణికట్టు క్రింద మరుగున నుండవలసినది. ఈవార్ దానిని నలుగురికి గనబడునట్లు పైనే ధరించును; దాపరిక మామెకు సరిపడదు. కాని మన చేత నామె చేయు పని యంతయు దాపరికమే. మొదటి రాత్రి మా చేతులు వణకెను. పదియవ రాత్రి వణకలేదు. మరి కొన్నాళ్లకు, నెగడియొద్ద చలికాచుకొనుచున్న కావలివాని నొకని తప్పించుకొని దాటిపోయియు, పనిలో పని యని వెనుదిరిగి వచ్చి వీపున పొడిచితిమి. పొడిచిన పిమ్మటగాని మాకు తెలివి రాలేదు. కంట్రోలరు క్రింద బెట్టి, వంటయింటికి బోయి మంచినీళ్లు త్రాగి, చీకటిలో చాలసేపు కూర్చుంటిమి.

మఠముల దోపిడి వేరొక సంగతి. ఏటియొడ్డున మఠము గనబడగనే కొమ్మూదవలెను. మనవారు ఓడనుండి దుమికి యిండ్లపైకప్పుల కగ్గిపెట్టుదురు. బరువైన పెట్టెల నిద్దరు చేరి పెకలింతురు. ఆ సొమ్ముతోనే మన పల్లె పెరుగును: మన రొట్టెలవానికి కొట్టు లేచినదన్న, ఎక్కడనో మఠమొకటి కాలినదన్నమాట. అయినను సన్యాసులను చంపరాదు. చంపితిమా, ఈవార్ అట్టివారిని చంపలేదని హెచ్చరిక గనబడును. మానకున్న ఆట నిలిచి వెనుకకు బోవును. మొదట మాకిది మిక్కిలి సంతోషము గలిగించెను. ఇంటనున్న చరిత్రపుస్తకములు తిరుగవేయగా ఆ సంతోషము సగమయ్యెను. 793లో లిండిస్‌ఫార్న్ ద్వీపమందలి మఠముపై ఓడదొంగలు పడినప్పుడు సన్యాసులను చంపిరి. కొందరిని చెరపట్టి కొనిపోయిరి. ఆల్క్విను అను పండితుడు ఆ వార్త విని దుఃఖముతో లేఖలు వ్రాసెను. వైకింగులకు మనుష్యులును సరకే. డబ్లినునగరము వారి బానిసల సంతగా పేరుగాంచెను. మా దోపిడిలో పెట్టెలున్నవి. ఒక్క చెరపట్టిన స్త్రీ లేదు, ఒక్క బిడ్డ లేడు. ఆటలోని రక్తము మాకంత బాధ కలిగింపలేదు. పొడిచినవాడు పొడిచినట్లే కనబడుచున్నాడు గదా! కనబడకుండ తుడిచివేసిన యీ భాగమే మాకు కంటగింపైనది.

ఒకనాటి రాత్రి నిద్ర మాని లేచివచ్చిన మా పెద్దవాడు మా వెనుక నిలిచి యొక దోపిడి చూచెను. మేము చూచుకొనలేదు. “అమ్మా, ఆ పరుగెత్తిన సన్యాసులు తరువాత ఏమైపోయారు?” అని యడిగెను.

మఱునాడు వానిని దేశపటము ముందు కూర్చుండబెట్టితిమి. ఈ యాటలోని కథ జరుగు నా యేండ్లలోనే, 875లో, లిండిస్‌ఫార్న్ సన్యాసులు తమ మహాత్ముడగు కత్‌బర్టు దేహముగల పెట్టెను మోసికొని ద్వీపము విడిచిరి. ఏండ్లు తిరిగి, మొదట చెస్టర్-లె-స్ట్రీటునను, తుదకు 995లో డర్హమునను నిలిచిరి. ఆ ద్వీపమున చేతితో వ్రాసి, రంగులు దిద్దిన సువార్తల గ్రంథము నేటికిని లండనులోని బ్రిటిషు లైబ్రరీలో నున్నది. వాడు పెన్సిలుతో ద్వీపమునుండి డర్హము వరకు గీత గీచి, “పుస్తకం తడవలేదా?” అని మరల నడిగెను.

ఇప్పుడు ఆదివారపు సాయంకాలములందు మేమిద్దరము ఓడ నడుపుదుము, ఫ్లైటింగు పందెములు వేయుదుము. ప్రాస పట్టుటలో వాడు మమ్ము మించుచున్నాడు. మఠము కనబడినప్పుడు కొమ్మూదక తెడ్డు వేసికొని పోవుదుము. తక్కిన దినములలో కంట్రోలరు బీరువాలో నుండును. తాళపుచెవి మాయొద్ద నుండును.