నీటి అధికారి ఎవరో ఊరికి తెలియాలి

ఎండలు ముదిరితే పల్లెల్లో రాత్రిపూట బోరు లారీల మోత మొదలవుతుంది. ఊరి మంచినీటి బావి పక్కనే ఎవరో ఒకరు బోరు వేయిస్తారు. నాలుగు రోజుల్లో బావి అడుగంటుతుంది. బిందె పట్టుకుని దూరం నడవవలసి వచ్చేది పేదింటి ఇల్లాలే. ఎవరితో చెప్పుకోవాలంటే చాలా ఊళ్ళలో జవాబు దొరకదు.

చట్టం లేక కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు ఒక చట్టం వచ్చింది. జనం 'వాల్టా' అనేది దానినే. 2014 తరువాత రెండు తెలుగు రాష్ట్రాలూ దానిని కొనసాగించాయి. ప్రజల మంచినీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేనిదే బావి తవ్వరాదు. తాగునీటి చేతిపంపుకు మాత్రం మినహాయింపు ఉంది. బోరు రిగ్గులు రిజిస్టరు కావాలి. రాష్ట్ర, జిల్లా, మండల స్థాయిల్లో ప్రాధికార సంస్థలుండాలి, అమలుకు అధికారులను నియమించాలి. కాగితం మీద అన్నీ ఉన్నాయి. ఆ అధికారి ఫలానా వ్యక్తి అని ఊరికి చెప్పేవారేరి?

పూర్వం ఈ చిక్కు లేదు. చెరువు తూము తీసి, వంతు చూసి మడి మడికీ నీరు పెట్టేవానిని తెలంగాణలో నీరటి అనేవారు, రాయలసీమలో నీరుగంటి అనేవారు. పారసీ మాట్లాడే దేశాల్లో ఇలాంటివాడే మీరాబ్. పిల్లవాణ్ణి అడిగినా నీరటి ఇల్లు చూపించేవాడు. పక్షపాతం చూపితే చెరువుగట్టు మీదే నిలదీసేవారు. నేడు పేరు తెలియని అధికారి చోటులో దళారీ దూరడం తేలిక. 'ఆఫీసు నుంచి వచ్చాను, రిగ్గు సీజు చేస్తాను' అని ఎవరైనా అనవచ్చు. ప్రభుత్వోద్యోగినని నటించడం నేరమని 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత కూడా చెబుతోంది. కాని అసలువాడెవరో తెలియని ఊరు నకిలీవాడిని ఎలా పట్టిస్తుంది?

దివ్య ఖుర్ఆన్‌లోని 'అల్ ఖసస్' సూరాలో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మద్యన్ నీళ్ళ దగ్గరకు చేరిన వృత్తాంతం ఉంది. కాపరులు ముందు నిలిచి ఉండగా ఇద్దరు ఆడపిల్లలు తమ మందతో వెనుకే ఆగిపోయారు. మూసా వారి పశువులకు నీరు పెట్టారు. ఆయనను పనిలో పెట్టుకొమ్మని తండ్రితో చెబుతూ వారిలో ఒకామె ఎత్తిచూపిన గుణాలు రెండే: బలం, నమ్మకం. నీటి దగ్గర నిలబెట్టే మనిషికి ఈనాటికీ అవే కావాలి. బలవంతుల బోరు ఆపలేనివాడు నమ్మకస్తుడైనా మంచినీటి బావి నిలవదు. నమ్మకం లేని బలవంతుడి సంగతి చెప్పనక్కరలేదు.

జకాత్ వసూలుకు వెళ్ళివచ్చిన ఒక అధికారి కొంత సొమ్మును తనకు వచ్చిన కానుకగా పక్కన పెట్టుకుంటే, ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అందరి ముందు ప్రశ్నించారు. పరుల ఇంట అడుగుపెట్టే ముందు అనుమతి కోరి, సలాం చెప్పమన్నది 'అన్నూర్' సూరాలోని ఆదేశం. పొలంలోకి వచ్చే అధికారి ముందుగా తానెవరో చెప్పుకోవడం కూడా ఆ మర్యాదలోనిదేనని మేము భావిస్తాం.

ఇది జరగని పని కాదు. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రంలో నదీజలాలను అక్రమంగా తోడుతున్నారని 2017లో దుమారం రేగింది. అక్కడ ప్రత్యేక నియంత్రణ సంస్థను పెట్టారు. దాని అధికారులకు గుర్తింపు కార్డు ఉంటుంది, అడిగితే చూపాలి. మన మండలాల్లోనూ నియామక ఉత్తర్వు, పేరు, హోదా, ఫోను నంబరు పంచాయతీ గోడ మీద తెలుగులోనూ, అవసరమైన చోట ఉర్దూలోనూ రాయించడానికి ఎంత ఖర్చవుతుంది?

మనవారికీ ఒక మాట. వుజూ నీళ్ళ కోసమే కదా అని అనుమతి అడగకుండా మసీదు ఆవరణలో బోరు వేయించే కమిటీలున్నాయి. పక్కింటి బావి ఎండిపోతే ఆ హక్కు ఎవరిది? అధికారి వచ్చినప్పుడు కార్డు చూపమని మర్యాదగా అడగండి, చూపాక మన కాగితాలూ చూపండి. ఈ వేసవి రాకముందే కమిటీ పెద్దలు తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళి మండలంలో ఈ పని చూసే అధికారి పేరు రాతపూర్వకంగా అడగాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు పెట్టాలి. వచ్చిన జవాబును జుమా నాడు మసీదు బోర్డు మీద అతికించాలి.