చిల్లర పనుల చిట్టా

"ఇల్లు అయిపోయిందా అమ్మా?" అని వీధిలో ఎదురైన ప్రతివాళ్లూ అడిగేవారు. "ఆఁ, అయిపోయినట్టే" అనేదాన్ని. ఆ 'నట్టే' దగ్గరే నెల్లాళ్లు ఆగిపోయాం. మీలో ఎవరైనా ఇల్లు బాగు చేయించుకుని ఉంటే ఈ మాట మీకు విడమర్చి చెప్పక్కర్లేదు. పెద్ద పనులన్నీ రోజులు లెక్కపెట్టుకుని అయిపోతాయి. ఓ గడియ పడదు, ఓ కుళాయి చుక్కలు కారుతుంది, ఓ స్విచ్చి బోర్డు పక్కన గోడ నోరు తెరుచుకుని ఉంటుంది. అవి మాత్రం అవ్వవు.

మాది శ్రీముఖలింగం. వంశధార ఒడ్డున, మధుకేశ్వరస్వామి గుడికి కూతవేటు దూరంలో ఉంది మా ఇల్లు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులంటారు. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు, ముగ్గురి గుడులూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అలాంటి ఊళ్లో ఇల్లు బాగు చేసుకోవడమంటే పెంకులు తెప్పించేసి మేస్త్రీని పిలిచెయ్యడం కాదు. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపల కొత్తగా ఏమీ కట్టకూడదు. ఆ పైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి ఉంటేనే కట్టాలి. 2010లో చట్టాన్ని సవరించి ఇది గట్టి చేశారు. 100 మీటర్ల లోపలున్న పాత ఇంటికి మరమ్మతు చేసుకోవచ్చు గానీ, దానికీ ముందుగా అనుమతి కావాలి. ఆ ఇల్లు 1992 జూన్ 16కి ముందు నుంచీ ఉన్నదని, లేదా తర్వాత అనుమతితో కట్టినదని చూపించాలి.

మా మామగారు పోయి పదేళ్లు దాటింది. ఆయన ఇంటిపన్ను రసీదులన్నీ ఏ ఏడాదివి ఆ ఏడాది దారంతో కట్టి ట్రంకుపెట్టెలో పెట్టేవారు. "ఈ చిత్తుకాయితాలెందుకండీ" అని నేనే ఓసారి తీసి పారెయ్యబోయాను. ఆయన కేకలేసి మళ్లీ పెట్టెలో పెట్టించారు. దరఖాస్తుకి ఆ కట్టలే అక్కరకొచ్చాయి. మీరుండేది పాత గుడి పక్కనో, కోట పక్కనో అయితే పని మొదలెట్టక ముందే ఈ సంగతి కనుక్కోండి. అనుమతి కాయితం వచ్చాక దాన్నీ ఆ రసీదుల పక్కనే దాచండి. పని అయిపోయింది కదా అని గ్యాస్ బిల్లుల్లో కలిపెయ్యకండి.

సరే, పని సంగతి. వాసాలు కొన్ని మార్పించాం, పెంకు తిరగనేయించాం, గచ్చులు తీసి టైల్స్ వేయించాం. గోడలు సున్నంతో కట్టినవి కాబట్టి సిమెంటు పూత వద్దని, సున్నం పూతే వేయించాం. పాత సున్నపు గోడ మీద సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక గోడ ఉప్పు పూస్తుంది, పెచ్చులూడుతుంది. మా పక్కింట్లో చూశాం ఆ ముచ్చట. అన్నిటికన్నా ముఖ్యమైన పని మా అత్తగారి స్నానాల గది. ఆవిడకి 78 ఏళ్లు. ఆ పాత గచ్చు మీదే జారిపడి మూడు నెలలు మంచంలో ఉన్నారు. పని జరిగినన్నాళ్లూ నరసన్నపేటలో మా ఆడపడుచు ఇంట్లో ఉంచాం. రోజూ సాయంత్రం ఫోను. "శివరాత్రికైనా నన్ను ఇంటికి తీసుకెళ్తారా?" అని. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ శివరాత్రికి ఈ ఊళ్లో లేని ఏడాది లేదట.

శివరాత్రి ఇంకో పది రోజులుందనగా మేస్త్రీ వచ్చి నిలబడ్డాడు. "పనైపోనాది కదమ్మా. ఆదివారం మేమంతా సెన్నై ఎల్లిపోతన్నాం. లెక్క సూసీండి" అన్నాడు. మా జిల్లా వాళ్లకి ఇది కొత్త కాదు. ఇక్కడ పని తగ్గితే మేస్త్రీలూ, కూలీలూ, వాళ్ల ఆడవాళ్లూ చెన్నైకో హైదరాబాదుకో రైలెక్కేస్తారు. మా దగ్గర అతనికి ఇంకా 15 వేలు రావాలి. మావారు "ఇచ్చేద్దాం, పాపం ఊరెళ్తున్నాడు. చిన్నా చితకా మనం ఎవరి చేతనో చేయించుకుందాం" అన్నారు. మగవాళ్లకి చిన్నా చితకా అంటే ఏమిటో తెలీదు. ఆ చిన్నా చితకాతో పొద్దున్నించి రాత్రి దాకా కాపరం చేసేది మనం.

నేను క్యాలెండరు వెనకాల రాసుకున్న చిట్టా తీసి చదివాను. 14 పనులు. మేస్త్రీ అంతా విని, "ఇయ్యన్నీ నా పనులేటమ్మా?" అన్నాడు. నిజమే. కోపంగా ఉన్నా ఒప్పుకోవలసి వచ్చింది. నాలుగు కరెంటతనివి, రెండు వడ్రంగివి, రెండు కుళాయి పనులు. మిగిలిన ఆరింట్లో రెండు మేం మనసు మార్చుకున్నవి. పొయ్యి గట్టు నాలుగంగుళాలు పెంచమన్నది నేనే, అదీ పూత అయ్యాక. వాటికి కూలి విడిగా ఇవ్వడమే ధర్మం. అందుకని మీరు చిట్టా రాసేటప్పుడు 'ఎవరి పని' అని పక్కన ఓ గడి పెట్టుకోండి. 'ఒప్పుకున్నదా, తర్వాత అడిగిందా' అని ఇంకోటి. అన్నీ ఒకరి నెత్తినే రుద్దితే అసలు పని కూడా చెయ్యబుద్ధి కాదు ఎవరికైనా.

అతనిదే అని నేను పట్టుబట్టింది ఒక్కటి. స్నానాల గది వాటం. "వాటం బాగానే ఉందమ్మా, టైల్ మీద అలాగే కనపడతాది" అన్నాడు. వాదించకుండా బకెట్టుతో నీళ్లు తెచ్చి గోడ వారగా కుమ్మరించాను. ముగ్గురం గుమ్మం దగ్గర నిలబడి చూశాం. నీళ్లు తూము వైపు కొంచెం వెళ్లి, వెనక్కి తిరిగి, మా కాళ్ల దగ్గరికి వచ్చి ఆగాయి. మా అత్తగారు చెయ్యి ఆనించుకుని అడుగు వేసే చోటే అది. మావారు నా మొహం చూడకుండా టవలు కోసం వెళ్లారు. మేస్త్రీ ఏమీ అనలేదు. కాసేపటికి "టైల్స్ మిగిలినాయా అమ్మా?" అని అడిగాడు.

పెట్టెలో మిగిలిన పది టైల్స్‌ని దుకాణానికి తిరిగిచ్చేద్దామని మావారు ఎన్నిసార్లన్నారో. నేనివ్వలేదు. ఆ రకమే మళ్లీ దొరకడం కష్టం, దొరికినా రంగులో తేడా వచ్చేస్తుంది. రంగు డబ్బా మూత మీది షేడు నంబరు కూడా అంతే, మూత పారెయ్యకముందే ఓ పుస్తకంలో ఎక్కించుకోండి.

మర్నాడు తెల్లారకముందే వచ్చాడు. భార్య సిమెంటు కలిపింది, అతను గుమ్మం వైపు రెండు వరసలు పగలగొట్టి మళ్లీ వేశాడు. నాలుగడుగుల నేలకి అరంగుళం నుంచి ముప్పాతిక అంగుళం పల్లం ఉంటే నీళ్లు వాటంతటవే పోతాయని, సాయంత్రం కాఫీ తాగుతూ తనే చెప్పాడు. ముందే తెలిసినవాడు ముందే ఎందుకు చెయ్యలేదని అడగాలనిపించింది. రైలు టిక్కెట్లు కొనుక్కున్న వాళ్లని ఏం అడుగుతాం? మూడు రోజులు ఆరనిచ్చి, మళ్లీ బకెట్టు నీళ్లు పోసి చూశాకే శనివారం 15 వేలూ ఇచ్చాను. గట్టు పెంచిన కూలి దాని మీద. మీరైనా సరే, నీళ్లు పోసి చూడకుండా స్నానాల గది లెక్క మాత్రం తేల్చెయ్యకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కొత్త టైల్స్ మీది సిమెంటు మరకలకి యాసిడ్ పోసెయ్యమంటారు కొందరు. టైల్స్ మధ్య పూత తినేస్తుంది, మొజాయిక్ అయితే గచ్చే పోతుంది. ముందు చెక్కముక్కతో గీకి సబ్బునీళ్లతో రుద్దండి. తప్పనిసరై యాసిడ్ వాడినా దాంతో బ్లీచింగ్ పౌడరు కలపకండి. విషవాయువు వస్తుంది, మూసిన గదిలో ప్రాణం మీదికొస్తుంది. కరెంటతను వెళ్లేలోపల షాక్ కొట్టకుండా ఆపే ట్రిప్ స్విచ్ పెట్టించుకుని, దాని మీద ఉండే టెస్ట్ బొత్తాం మీ ఎదురుగా నొక్కించండి. టక్కున పడిపోవాలి. పడకపోతే అది పెట్టినా పెట్టనట్టే. పడమటింటి తలుపు మాత్రం ఇంకా బిగుసుకునే ఉంది. గోడలు తడిపిన చెమ్మకి ఉబ్బింది, ఇప్పుడు చిత్రిక పట్టేస్తే ఎండల్లో సందు పడుతుంది, వేసవి దాకా ఆగమన్నాడు వడ్రంగి. ఆగాం. చిట్టాలో అదొక్కటీ కొట్టెయ్యకుండా ఉంచాను.

శివరాత్రికి రెండు రోజుల ముందు అత్తగారిని తీసుకొచ్చాం. టైల్స్ చూసి మురిసిపోతారనుకున్నాను. ఆవిడ నేరుగా స్నానాల గదిలోకి వెళ్లి, గోడకి వేయించిన పట్టుకునే కడ్డీని రెండుసార్లు గుంజి చూసి, చెంబుతో నీళ్లు కింద పోశారు. అవి ఎటు వెళ్తున్నాయో చివరి దాకా చూశారు. "బాగానే సేసినాడు" అన్నారు. నేను మావారి వైపు చూశాను. ఆయన పేపరు చదువుకుంటున్నారు.

తర్వాత తన గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చుని, ఎదురుగోడ వైపు చాలాసేపు చూశారు.

"ఏటే, ఇక్కడ మీ మావ ఫొటోకి మేకుండాలి కదా. ఏదీ?"

పూతలో పోయింది. మా ఎవ్వరికీ గుర్తే లేదు. క్యాలెండరు తీసి 15 అని అంకె వేశాను.