అమ్మను అడిగారా?

గత రంజాన్ మాసానికి పది రోజుల ముందు మా పూర్వ విద్యార్థి ఒకడు అస్ర్ నమాజు అనంతరం మా వద్దకు వచ్చాడు. పక్షవాతంతో అతని తల్లికి మాట పడిపోయింది, మింగే శక్తి పోయింది. రెండు నెలలుగా ముక్కు గొట్టం ద్వారానే ఆమెకు ఆహారం అందుతున్నది. ఆ ఆహారం విషయమై ఇంట్లో అన్నదమ్ముల మధ్య మాటలు కరవయ్యాయి.

పెద్దవానికి డబ్బా పొడి అంటే గిట్టదు. తమను వండి పెంచిన తల్లికి పొడి కలిపి పోయడం అవమానమని అతని బాధ. అందుకే రాగిజావ, పప్పుకట్టు, యఖ్నీ వడగట్టి పోస్తున్నాడు. డాక్టరుగారు మాత్రం పొడినే కోరుతున్నారు. దానిలో ఎంత బలం, ఎంత మాంసకృత్తులు ఉన్నవో లెక్క తెలుస్తుంది, గొట్టం పూడిపోదు. అంతేకాక, నాలుగు నుంచి ఆరు వారాలు దాటినా గొట్టం అవసరమే అయితే దానిని ముక్కు నుంచి తీసి, పొట్ట వద్ద చిన్న రంధ్రం చేసి అమర్చడం మేలని వారి సలహా. చిన్నవాడు డాక్టరు పక్షం. "హజ్రత్, షరీఅత్ ఏమంటుంది?" అని అడిగాడు.

చికిత్స పొందడం ధర్మసమ్మతమనీ, పొడిలో హరామ్ పదార్థమేదీ లేదని చూసుకుంటే చాలుననీ వెంటనే చెప్పి పంపాము. రోగులను తినమని బలవంతపెట్టవద్దనే భావం గల హదీసు తిర్మిజీ, ఇబ్నుమాజా గ్రంథాలలో ఉన్నది కదా అని పెద్దవాడు అంటున్నాడట. ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మతుల్లాహి అలైహి) 'జాదుల్ మఆద్'లో ఆ హదీసును ఆకలి మందగించిన రోగి విషయంగా వివరించారు. ఆకలి ఉండి మింగలేని మనిషి పరిస్థితి వేరని మా అభిప్రాయం. అదీ చెప్పాము.

ఆ రాత్రి పాఠం కోసం సహీహ్ బుఖారీ తెరిచినప్పుడు గానీ మా పొరపాటు మాకు తెలియలేదు. దైవప్రవక్త (స) అంతిమ వ్యాధి సందర్భంలో ఇంటివారు ఆయన నోటి పక్క నుంచి మందు పోశారు. వద్దని ఆయన సైగ చేశారు. రోగులకు మందంటే అయిష్టం సహజమే కదా అని వారు భావించారు. తెప్పరిల్లిన తరువాత ఆయన, నేను వారించలేదా అని అడిగి, అక్కడ లేని అబ్బాస్ (రజి) మినహా ఇంట్లోని వారందరికీ తమ కళ్ళ ఎదుటే అదే మందు పోయించారు. ఉల్లేఖించినది హజ్రత్ ఆయిషా (రజి). ముప్పై ఏళ్ళుగా ఈ హదీసు బోధిస్తున్న మేము, ఆ తల్లి ఏమంటున్నదని ఒక్క మాట అడగలేదు.

మరునాడు మా ఇంటివారితో కలిసి వెళ్ళాము. గొట్టం లాగివేస్తున్నదని ఆమె కుడిచేతిని దుపట్టాతో మంచానికి కట్టి ఉంచారు. మేము గడప వద్ద కూర్చున్నాము. మా ఇంటివారు ముందు ఆ కట్టు విప్పి, పక్కన కూర్చుని, అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు రెప్ప వేయమని చెప్పి ఒక్కొక్కటే అడగసాగారు.

పొడి ఫర్వాలేదా? అవును. ఇంటి జావ? అదీ అవును. కొడుకులు మాట్లాడుకోవడం మానిన విషయంలో ఆమెకు పట్టింపే లేదు. పొట్టకు రంధ్రం అంటే భయమా అని అడిగితే రెండుసార్లు రెప్ప వేశారు. ముక్కు గొట్టం బాధిస్తున్నదా అనగానే కళ్ళ నుంచి నీరు కారింది. చూడవచ్చిన వారందరి చూపూ ముఖం మీదున్న ఆ గొట్టం మీదనే నిలుస్తున్నదని చాలాసేపటికి గానీ మా ఇంటివారికి బోధపడలేదు. ఆపరేషన్ పేరు చెబితే తల్లి హడలిపోతుందని ఆ విషయమే ఆమె ఎదుట ఎత్తలేదట కొడుకులు!

ఆ వారంలోనే పొట్ట గొట్టం అమర్చారు. ఆహారం విషయంలో ఆసుపత్రి డైటీషియన్ మధ్యేమార్గం చూపారు. రోజులో ఎక్కువ భాగం పొడి, రెండు పూటలు పలుచగా వడగట్టిన ఇంటి ఆహారం. ఇంటిది ఎప్పటికప్పుడు తాజాగా చేయాలి. పోసేటప్పుడూ, ఆ తరువాత కనీసం అరగంటసేపూ తలవైపు ఎత్తుగా ఉండాలి. ముందూ వెనుకా నీళ్ళు పోసి గొట్టం శుభ్రపరచాలి. మాత్రలను ఆహారంలో కలపరాదు, డాక్టరును అడగకుండా నూరరాదు. పెద్దవాడు ఇవన్నీ కాగితం మీద వ్రాసి గోడకు అంటించాడు.

రంజాన్ నెలవంక కనిపించిన రాత్రి మళ్ళీ కబురు వచ్చింది. పగటిపూట ఆహారం పోయబోతే ఆమె సిరంజిని చేతితో నెట్టివేస్తున్నారు. ఉపవాసం ఉంటారట. డాక్టరుగారు ససేమిరా వీల్లేదన్నారు, ఇకపై ఎన్నడైనా ఉండగలరనే ఆశ కూడా ఇవ్వలేదు. ఈసారి ఆమె కోరికను మేమే కాదనవలసి వచ్చింది. అటువంటి రోగికి ఉపవాసానికి బదులు ఫిదియా ఉన్నదనీ, హనఫీ ఫిఖహ్ ప్రకారం రోజుకొక ఫిత్రా, అంటే సుమారు 1.75 కిలోల గోధుమలు గానీ వాటి వెల గానీ పేదలకు ఇవ్వాలనీ, దైవానుగ్రహంతో కోలుకుంటే ఆ ఉపవాసాలు పూర్తి చేయాలనీ గడప వద్ద నుంచే వివరించాము. ఆమె చాలాసేపు రెప్ప వేయలేదు. మా మాట ఆమెకు ఊరటనిచ్చిందో, మరింత నొప్పించిందో మాకు నేటికీ తెలియదు.

తరువాత ఆమె కుడిచేయి కొద్దిగా పైకి లేచింది. కోడలు అర్థం చేసుకుని గోధుమల సంచి మంచం దగ్గరకు జరిపింది. ఆ నెలంతా ప్రతిరోజూ మొదటి పిడికెడు గోధుమలు ఆమె చేతి నుంచే గిన్నెలో పడ్డాయి.