తుపాను వెలిసిన పిదప

సంఘ సభ్యులారా,

2025వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీ రాత్రి నరసాపురము చెంత తీరము దాటిన మొంథా తుపాను మరునాడు మన నల్లగొండ జిల్లాను సైతము భారీ వర్షములతో తడిపెను. సముద్రము మనకు దూరమను నిశ్చింత యిక చెల్లదు.

వాన వెలియగానే పొలములోని నష్టమును లెక్కింతురు. ఇంటిలోని కష్టమును లెక్కించువా రెవ్వరు? విద్యుత్తు నిలిచినచో మోటారు నీరు రాదు. తడికట్టెలతో పొయ్యి రాజదు. పశువులకు ఎండుగడ్డి కరవగును. తడిసిన ధాన్యమును వసారాలో, నడింట పరచి రేయింబవళ్లు తిరుగవేయునది ఇల్లాలే. ప్రభుత్వ కొనుగోలునకు తేమ నూటికి 17 పాళ్లు మించరాదు. ఆలస్యమైనచో గింజ మొలకెత్తును. చేతికి వచ్చిన పంట నోటికి అందకపోవుట యిట్లే.

కోసి పనలమీద నున్న వరికి లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లినచో మొలక కొంత నిలుచును. ఇది ఎవరికి వారు చేసికొనదగినది. కాని సాగరు ఎడమ కాలువ క్రింద హాలియా ప్రాంతమున కోతలన్నియు నించుమించు ఒక్కమారే వచ్చును. పరదాలకై అందఱు నొకేసారి పరుగిడుదురు. కావున సంఘమే లాభములలో గొంత తీసి పరదాలను, ఆరబెట్టు యంత్రమును ముందుగా గొని యుంచవలెను. వంతులు కోతలకు ముందే నిర్ణయింపవలెను. చిన్న కమతమువారికిని, మగదిక్కు లేని యిండ్లకును మొదటి వంతు ఈయవలెను.

ఇది వ్యర్థ వ్యయమనువారు గలరు. పరదా ఒక్క వానకు గాదు, పలు కార్లకు పనికివచ్చును. అప్పిచ్చు సంఘము ఆపదనాడు కప్పును గూడ నీయవలెను. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ మాట చర్చకు దెండు.