పెడతల కండరము

జడ వేసికొనునపుడు ప్రతిదినమును మన చేతికి తగులుచుండియు మన యెఱుకకు రాని కండరమొకటి పెడతలయందు గలదు.

అది పలుచనిది, కుడివైపున నొకటి, యెడమవైపున నొకటి. మెడకండలు ముగియుచోట పుఱ్ఱె వెనుకటి యెముకపై పుట్టి, పైకి ప్రాకి, నడినెత్తిని టోపివలె కప్పియున్న గట్టిపొరలో కలసిపోవును. ఆ పొర ముందంచును నుదుటికండ పట్టుకొని యున్నది. ఇది వెనుకకు లాగును, అది ముందుకు లాగును. దీనిని నడపు నరము మెడనుండి వచ్చునది కాదు. మనలను నవ్వించు ముఖనాడియొక్క శాఖయే చెవివెనుకగా వచ్చి దీనిని చేరును. మెట్టినిల్లు పెడతలయైనను పుట్టినిల్లు ముఖమే యన్నమాట!

ఇంత చిన్న కండరముతో మనకేమి పని యందురా? నిరుడు మా చిన్నవాడు గడపమెట్టుపై వెల్లకిల పడగా, పెడతలకు కొంచెము పైగా చిట్లి నెత్తురు ధారకట్టినది. గాయము నోరు తెఱచుకొని యుండుట చూచి మేము గడగడ వడకితిమి. పొరుగింటి పెద్దమ్మగారు ప్రేమతోనే కాఫీపొడి పట్టుకొని వచ్చిరి. వైద్యుడు తరువాత మాకు తెలిపినదేమనగా, గట్టిపొర అడ్డముగా తెగినచో రెండు కండరములును చెరియొకవైపునకు లాగుటచే గాయము విచ్చుకొనును. అచ్చటి రక్తనాళములు దట్టమైన పోగులలో బిగిసియుండుటచే తెగినపుడు ముడుచుకొనజాలవు. అందుచే నెత్తురు విశేషముగా కాఱును. కావున శుభ్రమైన గుడ్డను మడచి గాయముపై గట్టిగా అదిమిపట్టి, కుట్లు వేయించుటకు వెంటనే కొనిపోవలయును. ఎముక లోనికి నొక్కుకొనిపోయినట్లు తోచినచో మాత్రము అదుమరాదు. పసుపుగాని కాఫీపొడిగాని గాయములో కూరరాదు.

మఱునాడు వాని రెండు కనురెప్పలును నల్లబడినవి. కంటికి దెబ్బయే తగులలేదు! గట్టిపొరక్రింద చేరిన నెత్తురు, పెడతల కండరము ఎముకను అంటియుండుటచే మెడవైపునకు దిగజాలదట. నుదుటికండకు ఎముకతో పట్టు లేదు. కనుక ముందుకు జాఱి రెప్పలలో నిలుచును. ఐనను పుఱ్ఱె అడుగుభాగము పగిలినపుడును కన్నులు ఇట్లే నల్లబడును గావున, చూచి ఊరకుండక మరల వైద్యునియొద్దకు పరుగెత్తితిమి. వాంతులుగాని మగతగాని యుండిన నిమిషమైనను ఆలసింపరాదని ఆయన హెచ్చరించెను.

కొన్ని దినములకు రెప్పలు తేటపడినవి. కుట్ల గుర్తు మాత్రము నేటికిని మా దువ్వెనకు తగులుచున్నది.