మద్దిలేటికీ సముద్రానికీ ఉంది లంకె

కదిరి: సముద్రమే కనిపించని కరవు సీమలో దాని సంరక్షణ పాఠమెందుకన్న ప్రశ్న సహజమే. అయితే కదిరి ప్రాంతపు మద్దిలేరు చిత్రావతిలోనూ, చిత్రావతి పెన్నలోనూ కలుస్తాయి. పెన్న నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతాన్ని చేరుతుంది. ఏట్లో పారేసిన పాలిథిన్‌ సంచికి వరద వస్తే అదే దారి. ఈ మెట్టకు వాన మోసుకొచ్చే మేఘమూ సముద్రపు బిడ్డే.

మార్కులకే పరిమితం

పర్యావరణ విద్యను తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. పాఠం పుస్తకంలోకి వచ్చినా ఏటి గట్టు దాకా రాలేదు. ఒకసారి వాడి పారేసే పలు ప్లాస్టిక్‌ వస్తువులపై 2022 జులై 1 నుంచి నిషేధం అమల్లో ఉంది. దాని అవసరం విద్యార్థికి అర్థమైతేనే ఇంట్లో అమలవుతుంది.

ఉపాధి మాటేమిటి?

బైపీసీ చదివితే వైద్యవిద్యే గమ్యమన్న భావన బలంగా ఉంది. ముత్తుకూరు మత్స్య కళాశాలలో బీఎఫ్‌ఎస్సీ ఉంది. చేపలు దొరికే తావులను, సునామీ ముప్పును ముందే తెలిపే ఇన్‌కాయిస్‌ సంస్థ సముద్రం లేని హైదరాబాదులోనే పనిచేస్తోంది. కదిరి-6 వంటి వేరుసెనగ రకాలనిచ్చిన వ్యవసాయ పరిశోధన స్థానం పట్టణంలోనే ఉంది. విద్యార్థులకు ఈ దారులు చూపే బాధ్యత కళాశాలలదే. ఆ తొలి పాఠం మద్దిలేటి గట్టున మొదలుకావాలి.